ఇంగ్లిష్ కుటుంబాల మూలాలు వెతకడం – 4వ పాఠం: ఓడెక్కి వెళ్లిపోయినవాళ్లు

పోయిన పాఠంలో 1841 జనాభా లెక్కల దగ్గర ఆగాం. అందులో 15 దాటినవాళ్ల వయసును మామూలుగా ఐదేళ్ల లెక్కకి దించి రాసేవారు, అంటే 25 అని కనిపిస్తే ఆ మనిషికి 29 కూడా ఉండొచ్చు. పుట్టిన ఊరు రాయలేదు, ఆ కౌంటీలోనే (మన జిల్లా లాంటిది) పుట్టారా లేదా అన్నంత వరకే. 1851లో ఊరి పేరు రాశారు గానీ, ఈలోపు మన మనిషి కనబడడు!

ఇంగ్లండ్‌లోని సఫోక్ కౌంటీలో విలియం అనే పొలం కూలీ ఉండేవాడు, ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు అనుకుందాం. ఇక్కడ చాలామంది నేరుగా ఇంగ్లండ్ నుంచి బయల్దేరిన ఓడల జాబితాల మీద పడతారు, కానీ ఆ వరుసలో మిగిలినవి 1890 నుంచే, ఆయనకి పనికిరావు. నా మాట విని, ఆయన చనిపోయిన చోటు నుంచి వెనక్కి రండి.

ఇంగ్లండ్ మరణ పత్రంలో ఆ కాలంలో తల్లిదండ్రుల పేర్లు ఉండవు. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో మాత్రం 1853లో జనన మరణాల రిజిస్ట్రేషన్ మొదలుపెట్టినప్పుడే ఎక్కడలేని వివరాలూ అడిగారు: తండ్రి పేరు, తల్లి పేరు, ఆవిడ పుట్టింటి ఇంటిపేరు, ఎక్కడ పుట్టాడు, పెళ్లెక్కడ, పిల్లల పేర్లు, వచ్చి ఎన్నేళ్లయింది. ఆ ఆఖరి అంకె బంగారం. 1880లో పోయాడు, వచ్చి 31 ఏళ్లు అని ఉంటే 1849 చుట్టుపక్కల వచ్చాడన్నమాట, సర్కారు ఖర్చుతో వచ్చినవాళ్ల జాబితా 1839 నుంచి 1871 దాకా ఉంది కాబట్టి అందులో ఆ ఒకటి రెండేళ్లు చూస్తే చాలు.

కానీ ఈ వివరాలు చెప్పింది ఎవరు? చనిపోయినాయన కాదు కదా! అత్తామామల పుట్టిల్లు ఎప్పుడూ చూడని అల్లుడు చెప్పి ఉండొచ్చు, తెలియక తోచింది చెప్పి ఉండొచ్చు. అందుకే పత్రం మీద వివరాలు చెప్పినవాళ్ల పేరు, బంధుత్వం ముందు చదవండి, తర్వాతే తల్లి పేరు నమ్మండి. ఆ పైన సఫోక్ వెళ్లి, అంటే రికార్డుల్లోనే లెండి, ఆ ఊరి చర్చి రిజిస్టరులో బాప్తిస్మం వెతకండి. ఒకే ఊళ్లో ఇద్దరు విలియంలు దొరికితే కంగారు పడొద్దు, ఇంగ్లండ్‌లో పేర్ల కరువు అలాంటిది. ఇద్దరిలో ఒకరు చిన్నప్పుడే పోయారేమో సమాధుల పద్దులో చూడండి, లేదా రెండోవాడు 1851లో ఇంకా అక్కడే కూలి చేస్తూ కనిపిస్తే మనవాడు మొదటివాడు.

ఈ వారం పని: మీరు వెతుకుతున్న కుటుంబంలో బయటికెళ్లిన ఒక్కరి మరణ పత్రం తెప్పించుకుని, వచ్చిన ఏడాది లెక్కగట్టండి. వచ్చే పాఠంలో కెనడాకి పంపిన పిల్లల సంగతి, అది కొంచెం బాధ పెట్టే కథ.