టీక్యాస్: ఏ విమానానికి తప్పనిసరి, ఆదేశం వస్తే ఏం చేయాలి

టీక్యాస్ అంటే దగ్గరికొచ్చే విమానాలను పసిగట్టి, ఢీకొనకుండా పైలట్‌కు హెచ్చరిక, ఆదేశం ఇచ్చే పరికరం. అది తప్పనిసరో కాదో తెలియాలంటే ముందు బరువు, సీట్లు చూడండి. టర్బైన్ ఇంజిన్ విమానం గరిష్ఠ టేకాఫ్ బరువు 5,700 కిలోలు దాటినా, 19 మందికి మించి ప్రయాణికులకు అనుమతి ఉన్నా, ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ప్రమాణాల ప్రకారం ఏక్యాస్-2 ఉండాలి. దాన్నే మనం టీక్యాస్-2 అంటాం. 2017 జనవరి 1 నుంచి దాని సాఫ్ట్‌వేర్ వెర్షన్ 7.1 కావాలి. పెట్టె బిగిస్తే సరిపోదు, విమానం గుర్తింపు, ఎత్తు రేడియోలో పంపే మోడ్ ఎస్ ట్రాన్స్‌పాండర్ కూడా పనిచేయాలి. అది స్టాండ్‌బైలో ఉంటే టీక్యాస్ గుడ్డిదే. అందుకే రన్‌వే ఎక్కేముందు నాబ్ 'టీఏ/ఆర్ఏ' (హెచ్చరిక/ఆదేశం) మీద ఉందో లేదో వేలు పెట్టి చూసుకోండి.

ఎదుటి విమానం ఎత్తు చెప్పకపోతే 'ట్రాఫిక్' అన్న హెచ్చరికే వస్తుంది, తప్పించుకునే ఆదేశం రాదు. ట్రాన్స్‌పాండరే లేనిది అసలు కనబడదు.

'ట్రాఫిక్, ట్రాఫిక్' అంటే కళ్లతో వెతకండి, దిశ మాత్రం మార్చొద్దు. 'క్లైంబ్' లేదా 'డిసెండ్' వినిపిస్తే ఆటోపైలట్ తీసేసి (ఆదేశాన్ని అదే పాటించే కొత్త రకాలు వేరు) 5 సెకన్లలోపు ఎక్కే, దిగే వేగం చూపే మీటర్ సూదిని ఆకుపచ్చ భాగంలోకి తేవాలి. ఆదేశం ఇంకా గట్టిపడితే 2.5 సెకన్లే. మెల్లగా లాగితే చాలు, ముక్కు ఎగరేయొద్దు. కంట్రోలర్‌కు 'టీక్యాస్ ఆర్ఏ' అని చెప్పండి.

కంట్రోలర్ మాట దానికి విరుద్ధంగా ఉంటే? టీక్యాస్‌దే పైచేయి. 2002లో జర్మనీలోని యూబర్లింగెన్‌లో ఒక విమాన సిబ్బంది పైకెళ్లమన్న టీక్యాస్‌ను కాదని కంట్రోలర్ చెప్పినట్టు దిగారు, రెండు విమానాలు ఢీకొని 71 మంది చనిపోయారు.

'క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్' వినపడ్డాకే పాత ఎత్తుకు రండి.

అనవసరపు ఆదేశాలు ఎక్కువగా వచ్చేది వేగంగా ఎక్కుతూ దిగుతూ ఉన్నప్పుడే. కేటాయించిన ఎత్తుకు చివరి 1,000 అడుగుల్లో వేగం నిమిషానికి 1,500 అడుగుల లోపు ఉంచండి.