నమూనా ఓడకు తాళ్ల నిచ్చెన కట్టడం ఎలా?

కార్తీక పున్నమినాడు తెల్లారకముందే మా బరంపురం చెరువు గట్లు జనంతో నిండిపోతాయి. అరటి దొప్పలూ, కాగితం పడవలూ, బెండు పడవలూ దీపాలతో నీళ్లలోకి దిగుతాయి. ఒడియావాళ్లు దీన్ని బొయిత బందాణ అంటారు. ఈ తీరం నుంచి బాలి, జావాల దాకా వెళ్లిన వర్తకుల ఓడలను తలుచుకునే పండగ అది. తెలుగిళ్లలో ఎలాగూ కార్తీక దీపాలు వదులుతాం కాబట్టి రెండు పండగలూ ఒకే గట్టు మీద జరిగిపోతాయి. ఆ నాలుగు రోజుల్లో ఎవరో ఒకరు తాము చేసిన నమూనా ఓడ పట్టుకుని మా ఇంటికి వస్తారు. చెక్క పని ముచ్చటగా ఉంటుంది. రంగు చక్కగా కుదురుతుంది. మాస్టు, అంటే తెరచాప కొయ్య, పక్కనున్న తాళ్ల నిచ్చెన మీదికి చూపు వెళ్లగానే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. కింద వెడల్పుగా మొదలై పైకి తిన్నగా సన్నబడాల్సిన నిచ్చెన మధ్యలో నడుం నొక్కుకుపోయి డమరుకంలా ఉంటుంది. నెలల తరబడి చేసిన ఓడ ఆ ఒక్క చోట పాడైపోతుంది. అలా పాడవకుండా ఎలా కట్టాలో చెబుతాను.

ముందు రెండు మాటలు. మాస్టు తల నుంచి ఓడ పక్కలకు దిగే నిలువు తాళ్లు ష్రౌడ్లు. మాస్టు పక్కలకు ఒరగకుండా పట్టుకునేవి ఇవే. నావికులు పైకి ఎక్కడానికి ష్రౌడ్ల మీద అడ్డంగా కట్టిన మెట్లు రాట్‌లైన్లు. ష్రౌడ్లకు తారు పట్టిస్తారు కనుక నల్లగా గానీ ముదురు గోధుమ రంగులో గానీ ఉంటాయి. తెరచాపలు లాగే తాళ్లకు తారు ఉండదు, అవి జనపనార రంగులోనే ఉంటాయి. అన్నిటికీ ఒకటే నల్ల దారం వాడేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

సామాను పెద్దగా ఏం లేదు. మొన సన్నటి పట్టకార్లు రెండు, మొన అరగదీసిన సూది ఒకటి, పదునైన బ్లేడు, నాలుగు వెదురు పుల్లలు, తెల్ల అట్ట, తేనె మైనం, తెల్ల జిగురు. అరవై నాలుగో వంతు కొలతలో చేస్తుంటే పెద్ద ఓడ ష్రౌడ్‌కు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ మందం, రాట్‌లైన్‌కు మిల్లీమీటరులో ఐదో వంతు మందం సరిపోతాయి. దారం పాలియెస్టరే వాడాలి. నైలాన్ వద్దు. గోపాల్‌పూర్ వెళితే వలల నైలాన్ దారం చవగ్గా దొరుకుతుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ అది సాగుతుంది. ఇవాళ బిగించింది నెలకల్లా వేలాడుతుంది.

పత్తి దారం కూడా వద్దంటాను. దీనికి కారణం చెప్పాలి. నా మొదటి ఓడ ట్రింకోమలీ. 1817లో బొంబాయిలో ఓడలు కట్టే వాడియాల చేతుల మీదుగా టేకుతో తయారై, ఇప్పటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నీటి మీదే ఉన్న యుద్ధనౌక అది. మన దేశంలో పుట్టిన ఓడ కదా అని దాన్నే ఎంచుకున్నాను. తాళ్లన్నీ మంచి పత్తి దారంతో వేశాను. 2013 అక్టోబరులో పై-లీన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ తర్వాత రోజుల తరబడి మా ఇంట్లో కరెంటు లేదు, గోడలు కూడా చెమ్మగిల్లాయి. తడి పీల్చుకుంటే పేనిన పత్తి దారం పొట్టిదవుతుంది. ముందు వైపు తాళ్లు బిగుసుకుని పై మాస్టు ముందుకు వంగింది. చలికాలం గాలి పొడిబారగానే అవే తాళ్లు వదులై వేలాడాయి. సముద్రానికి ఇంత దగ్గరగా ఉండేవాళ్లు పత్తి జోలికి పోకపోవడమే మంచిది.

ష్రౌడ్లు వేయడం తేలిక. ఒక దారాన్ని మధ్యలో మడిచి, మడత దగ్గర కట్టు కట్టి ఉచ్చులా చేస్తే రెండు ష్రౌడ్ల జత అవుతుంది. ఆ ఉచ్చును మాస్టు తలకు తొడగాలి. ఓడ ముక్కు వైపు చూస్తూ నిలబడితే కుడి పక్క ముందు జత మొదట, దాని తర్వాత ఎడమ పక్క ముందు జత, మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. అసలు ఓడల్లోనూ వరస ఇదే. కింది కొసలకు మూడు కన్నాల చెక్క బిళ్లలు వస్తాయి. వీటిని డెడ్ ఐలు అంటారు. ఈ పై బిళ్లలన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. కింది బిళ్లలు ఓడ పక్కకు బిగించి ఉంటాయి. పై బిళ్లకూ కింది బిళ్లకూ మధ్య దారం ఎక్కించి బిగిస్తే ష్రౌడ్లు నిలబడతాయి. వీణ తీగల్లా బిగించక్కర్లేదు, వేలితో మీటితే ఊగి ఆగితే చాలు.

ఇప్పుడు తెల్ల అట్ట తీసుకుని ష్రౌడ్ల వెనక నిలబెట్టండి. దాని మీద పెన్సిలుతో అడ్డగీతలు గీసి ఉండాలి. అసలు ఓడలో మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎడం సుమారు 15 అంగుళాలు. అరవై నాలుగో వంతులో అది 6 మిల్లీమీటర్లు, తొంభై ఆరో వంతులో 4 మిల్లీమీటర్లు. ఈ గీతలు డెక్ (ఓడ పైతలం) వంపును బట్టి కాదు, నీటి మట్టానికి సమాంతరంగా పోవాలి. చాలామంది డెక్‌కు సమాంతరంగా గీస్తారు, అప్పుడు నిచ్చెన మొత్తం ఒక పక్కకు జారినట్టు కనిపిస్తుంది.

ఇక అసలు పని.

మా వీధి చివర పట్టు మగ్గాలున్నాయి. చిన్నప్పుడు గంటల తరబడి అక్కడే కూర్చునేవాణ్ని. ష్రౌడ్లను పడుగు అనుకోండి, రాట్‌లైన్లను పేక అనుకోండి. పేక పోగు బిగించి లాగితే బట్ట పన్నా తగ్గిపోతుంది, అంచులు లోపలికి వచ్చేస్తాయి. అందుకే నేతగాడు నేసిన మేర బట్టకు అడ్డంగా ఒక పుల్ల బిగించి పన్నా నిలబెడతాడు. ఓడ దగ్గర అలాంటి పుల్ల లేకుండా పని మొదలుపెట్టడమే డమరుకానికి మొదటి కారణం. డెడ్ ఐలకు కాస్త పైన ఒక వెదురు పుల్ల, నడుం దగ్గర ఒకటి, మాస్టు తలకు దగ్గర్లో ఒకటి, ష్రౌడ్ల వెనక నుంచి అడ్డంగా పెట్టి ఒక్కో ష్రౌడ్‌నూ దానికి దారంతో కట్టేయండి. నాలుగో పుల్ల ఎక్కడ వదులు కనిపిస్తే అక్కడికి. ముడులు వేసినంతసేపూ ష్రౌడ్లు కదలకూడదు.

ముడి పేరు క్లోవ్ హిచ్. గోపాల్‌పూర్ ఒడ్డున మన తెలుగు మాట్లాడే మత్స్యకారులు వల తాడుకు బెండ్లు కట్టేటప్పుడు వేసే ముడి ఇదే. నేను అక్కడే ఒక ముసలాయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. నేను వేసిన ముడి చూసి ఆయన తాడు నా చేతిలోంచి తీసుకుని, "ముడి బిగించాల గానీ తాడు లాగకూడదు బాబూ" అన్నారు. "రెండూ ఒకటి కాదా తాతా?" అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు, మరో బెండు కట్టి చూపించారు. ముడికి రెండు పక్కలా వేళ్లు ఆనించి అక్కడే బిగించారు. పక్క బెండు కదల్లేదు.

వేసే తీరు ఇది. ఎడమ నుంచి వచ్చిన దారం ష్రౌడ్ ముందు నుంచి కుడికి వెళ్లి, వెనక చుట్టి, ఎడమ పక్క కొంచెం కిందుగా బయటికి రావాలి. అక్కడి నుంచి మొదటి చుట్టు మీదుగా ఏటవాలుగా కుడికి, పైకి ఎక్కాలి. మళ్లీ వెనక చుట్టి ఎడమ పక్క పైన బయటికొచ్చి, ఆ ఏటవాలు చుట్టు కింద దూరి కుడికి సాగిపోవాలి. ముందు నుంచి చూస్తే ఒక వాలు గీత, దాని కింద నుంచి పోయే రెండు గీతలు కనిపిస్తాయి. వాలు గీత వెనక పక్కకు పడితే ముడి తిరగబడినట్టు, విప్పి మళ్లీ వేయండి. మైనం రాసిన దారమైతే సూది మొనతో తేలిగ్గా విడుతుంది. మైనానికి దుమ్ము పడుతుందని కొందరు వద్దంటారు. దారాన్ని మైనం మీద ఒకసారి లాగి, ఆనక రెండు వేళ్ల మధ్య నుంచి రెండుసార్లు లాగితే పైపైన ఉన్నదంతా పోతుంది. అప్పుడు దుమ్ము ఊసే ఉండదు.

బిగించేటప్పుడే అందరూ తప్పు చేస్తారు. ముడి వదులుగా పడ్డాక కుడి కొస పట్టుకుని లాగుతారు. ముడి బిగుస్తుంది, దాంతోపాటు వెనకటి ష్రౌడ్ కూడా వెంట్రుకవాసి ఇటు జరుగుతుంది. ఒక్క వరసలో అది కంటికి ఆనదు. ముప్పై వరసలు అయ్యేసరికి నడుం పోతుంది. అలా లాగకుండా, ముడికి ఎడమ పక్క దారాన్ని ముడికి ఆనుకునే పట్టకారుతో పట్టుకోండి. ఆ పట్టకారు కదలకూడదు. ఇంకో పట్టకారుతో కుడి కొసను నెమ్మదిగా లాగండి. లాగిన బలమంతా మొదటి పట్టకారు దగ్గర ఆగిపోతుంది, వెనకటి ష్రౌడ్ దాకా పోదు. పూర్తిగా బిగిసేలోపు సూదితో ముడిని పైకో కిందికో జరిపి అట్ట మీది గీతకు చేర్చండి. రెండు ష్రౌడ్ల మధ్య దారం కర్రలా బిగువుగా ఉండకూడదు. రవ్వంత కిందికి వాలాలి. అసలు ఓడ మీద మనుషుల బరువు పడి రాట్‌లైన్లు అలాగే వాలుతాయి.

ప్రతి వరస అయ్యాక ఆగండి. ఒక కన్ను మూసుకుని, డెడ్ ఐ దగ్గర నుంచి చిట్టచివరి ష్రౌడ్ వెంబడి పైకి చూడండి. వడ్రంగి చెక్క అంచు చూసినట్టు. తిన్నగా ఉంటే తర్వాతి వరస. ఏ మాత్రం లోపలికి వంగినా ఆ వరస మొత్తం విప్పాల్సిందే. పై వరసలో కాస్త వదిలేస్తే సర్దుకుంటుంది అనుకోకండి. సర్దుకోదు. వంగిన చోట వంపు అలాగే ఉండి, పైన ఇంకో వంపు తయారవుతుంది.

వరసలు కింద నుంచి ఒకటీ రెండూ మూడూ అని కట్టుకుంటూ పోకూడదు. ముందు ఒకటో గీత, ఆరో గీత, పదకొండో గీత, ఇలా మధ్యలో నాలుగేసి వదిలి పై దాకా కట్టి, ఆ తర్వాత మధ్యవి నింపండి. అప్పుడు ఎక్కడైనా ఎడం తప్పినా ఐదు వరసల్లోనే ఆగిపోతుంది. ఒక వరస ఎడమ నుంచి కడితే తర్వాతిది కుడి నుంచి కట్టాలి, లాగుడు ఒకే పక్కకు పోగుపడకుండా ఉంటుంది. ముడి వాలు అటూ ఇటూ మారుతుంది నిజమే, మూడడుగుల దూరం నుంచి అది ఎవరికీ తెలియదు. నడుం మాత్రం గది అవతలి నుంచే తెలుస్తుంది.

ఆరు ష్రౌడ్లు, ముప్పై వరసలు అంటే ఒక పక్కకే 180 ముడులు. ఒక పూటకు నలభై మించి వేయకండి. అలిసిన చెయ్యి తెలియకుండానే లాగుతుంది. నేను పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుంటాను, ట్యూబులైటు కింద రాట్‌లైన్ ముట్టుకోను. కుడి పక్క పది వరసలు అయితే ఎడమ పక్క పది. ఒక పక్క పూర్తిచేసి రెండో పక్కకు వెళితే చేతి వాటం మారిపోయి రెండు నిచ్చెనలూ రెండు రకాలుగా వస్తాయి.

ముడులు వద్దని, సూదితో ష్రౌడ్‌ను గుచ్చి రాట్‌లైన్ దూర్చేసే పద్ధతి ఒకటి ఉంది. త్వరగా అవుతుంది. కానీ ష్రౌడ్ పేట విడిపోతుంది, దగ్గరగా చూస్తే తాడుకు తాడు అతికించినట్టుంటుంది గానీ కట్టినట్టుండదు. బ్రిటిషు యుద్ధనౌక విక్టరీ లాంటి ఓడ మీద సుమారు 42 కిలోమీటర్ల తాడు ఉండేది. అందులో ష్రౌడ్లకు కట్టిన ప్రతి మెట్టూ ఎవరో ఒక నావికుడు వేళ్లతో ముడేసిందే. ఆ నావికుడు ముడేసిన చోట మనమూ ముడే వేయాలి.

జిగురు సంగతి. తెల్ల జిగురులో అంతే నీళ్లు కలిపి, సూది మొనతో ఒక్కో ముడికి ఒక్క చుక్క. ఆరితే కనపడదు, తప్పు జరిగితే తడి చేసి విప్పుకోవచ్చు. క్షణంలో అంటుకునే సూపర్ గ్లూ రాట్‌లైన్ల దగ్గరికి రానివ్వకండి. ఒకసారి ప్రదర్శనకని నా ఓడ ఇచ్చాను. రెండు ముడులు వదులుగా కనిపించాయని అక్కడెవరో నిచ్చెన మొత్తానికి ఆ జిగురు పూశారు. తిరిగి వచ్చేసరికి నల్ల దారం మీద బూజు పట్టినట్టు తెల్లటి పొర. వేలు తగిలితే మెట్లు ఎండు పుల్లల్లా విరిగాయి. ఆ నిచ్చెన మొత్తం కోసేసి మళ్లీ మొదటి నుంచి కట్టాను.

చుక్కలు వేశాక ఒక రోజంతా వదిలేయండి. కొసలు కత్తెరతో కాకుండా కొత్త బ్లేడుతో, ష్రౌడ్‌కు ఆనించి, బయటి వైపుకు కోయండి. లోపలి వైపుకు కోస్తే బ్లేడు జారి ష్రౌడ్ తెగుతుంది. ఆ తర్వాతే వెదురు పుల్లలు విప్పాలి, పైది ముందు, కిందది చివర. ఒక్కో పుల్ల విప్పగానే మళ్లీ కింద నుంచి కన్ను పెట్టి చూడండి. ష్రౌడ్లు కాస్త వదులైనట్టు అనిపిస్తే డెడ్ ఐల మధ్య దారాన్ని సూదితో సర్ది, అప్పుడు దాని కొస కట్టేయండి. అందుకే ఆ కొసను మొదట్లోనే జిగురు పెట్టి ముగించకూడదు. తెగిన దారం ముక్కలు డెక్ మీద పడి ఉంటాయి. నోటితో ఊదితే ఫిరంగుల వెనక దూరి ఇక దొరకవు. మెత్తటి బ్రష్‌తో ఓడ ముక్కు వైపు నుంచి వెనక్కి తుడిచేయండి.