యాట కూర, మూడో పాఠం: విజిళ్ళ లెక్క మానేయండి

ఈ వారం మసాలా నూరడం చెప్తానన్నాను. అది వచ్చే వారానికి పోయింది. పోయిన పాఠం చూసి వండినవాళ్ళలో కొందరికి కూర చారయింది, కొందరికి ముక్క రబ్బరయింది. ముందు ఈ రెండూ తేల్చుకుందాం.

చారయిన పాపం నాదే. "గ్లాసుడు నీళ్ళు" అని రాసి ఊరుకున్నాను. మా ఇంట్లో గ్లాసంటే 200 మి.లీ. పట్టే చిన్నది. ఒకావిడ మజ్జిగ తాగే పెద్ద స్టీలు గ్లాసు నిండా పోశారట. అరకిలోకి 200 మి.లీ. చాలు, అవీ మరిగిన నీళ్ళు. కుక్కర్లోంచి ఆవిరి పెద్దగా బయటికి పోదు కనుక పోసినవి పోసినట్టే ఉంటాయి.

కొందరు నీళ్ళు పోయడానికి తొందరపడ్డారు కూడా. ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించిన ముక్కలు వేగిన ఉల్లిపాయల్లో పడగానే వాటి నీళ్ళు అవి వదులుతాయి. గిన్నె బుడబుడమంటుంది. ఆ చప్పుడు చిటపటలోకి మారి, అంచుల్లో నూనె కనపడేదాకా కలుపుతూనే ఉండాలి. నాకైతే పావుగంట పడుతుంది. కారం, ధనియాల పొడి ఆ తర్వాతే. టమాట నేను వెయ్యను, మీ ఇష్టం.

ఇప్పటికే చారైపోయిందా? ముక్కలు తీసి పక్కన పెట్టి, పులుసు ఒక్కదాన్నే పెద్ద మంట మీద మరిగించండి. చిక్కబడ్డాక ముక్కలు మళ్ళీ వెయ్యండి. ముక్కలతో సహా మరిగిస్తే చిదిమిపోతాయి.

ఇక రబ్బరు. "అక్కా, ఎన్ని విజిల్స్?" ఈ ఒక్క ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండుతుంది. విజిల్ గడియారం కాదు. లోపల ఆవిరి ఎక్కువై వెయిట్‌ని ఎత్తినప్పుడు వచ్చే కూత, అంతే. మంట పెద్దదైతే టకటకా వస్తుంది, సిమ్‌లో పెడితే పది నిమిషాలైనా రాదు. మా చిన్న కుక్కరు ఊరికే అరుస్తుంది, మా అత్తగారి ఐదు లీటర్లది పెద్దమనిషి. రెండింటికీ "ఐదు విజిల్స్" అంటే ఎలా? ప్రెషర్ ఒకసారి పట్టాక లోపల వేడి 120 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. మంట పెంచినా అది పెరగదు, విజిళ్ళు పెరుగుతాయి, గ్యాసు అయిపోతుంది. మాంసానికి కావలసింది కూత కాదు, సమయం. ముక్కల మధ్య తెల్లటి పొర, నరం ఉంటాయి చూడండి, అవి కరిగి జిగురైతేనే ముక్క మెత్తబడుతుంది. ఆలోగా దింపితే రబ్బరే.

అందుకని మొదటి విజిల్ రాగానే సిమ్ చేసి గడియారం చూడండి. లేత యాటకి 15 నిమిషాలు, ముదురుకి 25. ఆవిరి దానంతటదే దిగనివ్వండి, స్పూనుతో వెయిట్ ఎత్తకండి. మూత తీశాక గట్టిగా ఉంటే కంగారేం లేదు, మళ్ళీ ఐదు నిమిషాలు పెట్టండి. గసగసాలు, కొబ్బరి ముద్ద మాత్రం మూత తీశాకే. ముందే వేస్తే అడుగంటి కూరంతా మాడు వాసనే.

కొట్టులో నేను ముందుకాలు, మెడ అడుగుతాను. వెనక తొడ చూడ్డానికి బాగుంటుంది గానీ కూరలో పొడిపొడిగా తగులుతుంది.

ఇంటిపని: ఈ ఆదివారం కుక్కరు అటకెక్కించండి. అడుగు మందం గిన్నెలో, మూత పెట్టి, సన్న మంట మీద వండండి. నీళ్ళు తగ్గితే వేడినీళ్ళు కొద్దికొద్దిగా పోస్తుండండి. 40 నిమిషాలు దాటాక పదేసి నిమిషాలకి ఒక ఎముక ముక్క తీసి గరిటె అంచుతో నొక్కి చూడండి. ఎముకని మాంసం ఏ నిమిషానికి వదిలిందో కాయితం మీద రాసుకోండి. కూర దిగేసరికి నాలుగైదు ముక్కలు మీ కడుపులోనే ఉంటాయి, ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి. పై ఆదివారం అదే కొట్టులో అవే ముక్కలు తెచ్చి కుక్కర్లో వండి, ఆ లెక్క కూడా పక్కనే రాయండి.

కుడుకలు, అంటే ఎండుకొబ్బరి చిప్పలు, రెండు కొని ఉంచుకోండి, వచ్చే వారం కావాలి.