కాస్క్ ఏల్ చల్లగా లేదని వెనక్కివ్వకండి

ఇంగ్లాండ్‌లో మొదటిసారి కాస్క్ ఏల్ (పీపాలోనే పక్వానికొచ్చే బీరు) తాగి "ఇదేంటి, చల్లగా లేదు, గ్యాసూ లేదు" అని మొహం చిట్లించాను. దాని తీరే అంత. పీపాలో ఇంకా కొద్దికొద్దిగా పులుస్తూనే ఉంటుంది. 11 నుంచి 13 డిగ్రీల దగ్గర పోస్తారు. మన కల్లులాగే ప్రాణమున్న సరుకు, పీపా తెరిచాక మూడు రోజులు దాటితే రుచి పడిపోతుంది.

అందుకే జనం బాగా వచ్చే పబ్‌కే వెళ్లండి. బార్ మీద పొడవాటి పిడి లాగి పోసేదే కాస్క్. పది పిడులుండి తాగేవాళ్లు నలుగురే ఉంటే నాకు అనుమానమే. పిడి మీది పేరు బిళ్ల వెనక్కి తిప్పి ఉంటే ఆ రకం ప్రస్తుతానికి లేదన్నమాట. కొనేముందు కాస్త రుచి చూపించమని అడగొచ్చు, మొహమాటం అక్కర్లేదు. వెనిగర్ వాసన కొడితే మాత్రం మార్చమనండి.

శాకాహారులైతే ఒక మాట: చాలా కాస్క్ ఏల్స్‌ను చేప గాలితిత్తి నుంచి తీసిన పదార్థంతో తేటపరుస్తారు. "అన్‌ఫైన్డ్ ఉందా?" అని, అంటే అలా తేటపరచనిది ఉందా అని అడగండి.

లండన్‌లో కొవెంట్ గార్డెన్ దగ్గర ది హార్ప్, షెఫీల్డ్‌లో కెల్హామ్ ఐలాండ్ టావెర్న్ దీనికి పేరున్నవి. ముందు హాఫ్ పైంట్ (దాదాపు 280 మి.లీ.) చాలు.