పబ్లిషర్ మూతపడినా గేమ్ మీ చేతిలోనే ఉండాలంటే

స్వతంత్ర పబ్లిషర్‌తో సంతకం చేసే ముందే, ఆ సంస్థ ఒకనాడు మూతపడవచ్చన్న లెక్కతో ఒప్పందాన్ని చదవండి. అమెరికా గేమ్ పబ్లిషర్ టీహెచ్‌క్యూ 2012 డిసెంబరులో దివాలా పిటిషన్ వేయగా, మరుసటి నెలలోనే దాని స్టూడియోలూ గేమ్ హక్కులూ చాలావరకు వేలంలో ముక్కలుగా అమ్ముడుపోయాయి. రెలిక్ స్టూడియో సెగాకూ, సెయింట్స్ రో రూపొందించిన వొలీషన్ కోచ్ మీడియాకూ చేరాయి.

అందుకే గేమ్ హక్కులను రాసివ్వకండి; నిర్ణీత కాలానికి ప్రచురణ లైసెన్సు మాత్రమే ఇవ్వండి. అన్నిటికన్నా కీలకమైనది రద్దు నిబంధన. పబ్లిషర్ దివాలా తీస్తే ఒప్పందం రద్దవుతుందని రాసుకుంటే చాలదు, ఎందుకంటే అమెరికా దివాలా చట్టం కింద అలాంటి షరతు సాధారణంగా చెల్లదు. దానికి బదులు, గడువు దాటి 30 రోజులైనా రాయల్టీ (అమ్మకాల్లో మీ వాటా) అందకపోతే, నోటీసుతో హక్కులు మీకు తిరిగి వచ్చేలా రాయించండి. ఆ 30 రోజులు ముగియగానే మొహమాటపడకుండా నోటీసు పంపండి. దివాలా దాఖలయ్యాక కోర్టు అనుమతి లేకుండా రద్దు ముందుకు సాగదు, పైగా మీ బకాయి తాకట్టు ఉన్న రుణదాతల వెనుక వరుసలో నిలబడుతుంది.

పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో గేమ్ పేజీ మీ సొంత ఖాతాలోనే ఉండాలి; నా దృష్టిలో ఇది పబ్లిషర్ ముందుగా ఇచ్చే అడ్వాన్సు కన్నా విలువైనది. కన్సోల్ వెర్షన్లు పబ్లిషర్ ఖాతాలో ఉంటే, వాటి బదిలీకి సహకరించే బాధ్యతను కూడా ఒప్పందంలో చేర్పించండి.