అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒళ్లు మండినప్పుడు: సమస్య - పరిష్కారం

ఇది అపార్ట్‌మెంట్ సంఘం వాట్సాప్ గ్రూపులో జవాబు చెప్పుకోవాల్సి వచ్చేవాళ్ల కోసం. కార్యదర్శి, కోశాధికారి, అడ్మిన్ కావచ్చు, లిఫ్టు గురించి అడగబోయి గొడవలో ఇరుక్కున్న ఓనరు కావచ్చు. మ్యూట్ చేయడం, మెసేజ్ ఎడిట్ చేయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. ఏళ్ల తరబడి ఇలాంటి గ్రూపులు నడుపుతూ, రాజీలు కుదురుస్తూ వస్తున్నాను. నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లనూ మొదట అడిగేది ఒక్కటే: మీకు కోపం తెప్పించినాయన రాసింది మొత్తం చదివారా? చాలామంది చదివి ఉండరు.

లక్షణం: మెసేజ్ చూడగానే కోపం వచ్చింది, అప్పుడే టైపు చేయడం మొదలైంది

ఆగి పైకి జరపండి. ఆయన ఏ మెసేజ్‌కి రిప్లై ఇచ్చాడో చూడండి. మీది కాకపోవచ్చు, మీకు పైనున్న వాళ్లదై ఉండొచ్చు. పొడుగు మెసేజ్ అయితే మిగతాది మడతపడి ఉంటుంది, నొక్కి తెరవండి. వాయిస్ మెసేజ్ అయితే చివరిదాకా వినండి. ఇంత చిన్న పని వదిలేసి మనసులు విరుచుకుంటుంటే చూడలేకపోతున్నాను.

ఇంకొకటి. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టేటప్పుడు ప్రశ్నార్థకం పెట్టేవాళ్లు తక్కువ. "మీరు వాచ్‌మన్‌కి చెప్పలేదు" అని వస్తే అది ప్రశ్నో నిందో తెలియదు. ప్రశ్నే అనుకుని జవాబివ్వండి: "చెప్పానండీ, పొద్దున్నే." అది నిజంగా నింద అయినా ఈ జవాబు సరిపోతుంది.

లక్షణం: మొత్తం చదివారు, సరిగ్గానే అర్థమైంది, అయినా గంటసేపటికీ కోపం దిగలేదు. రాసి చెరిపేకొద్దీ జవాబు పొడుగవుతోంది

అసలు దొంగ ఇక్కడ దాక్కుని ఉంటాడు. మీకు కోపం తెప్పించింది ఆ మాట కాదు, ఆ మాటను చూస్తున్న జనం.

ఒక ఉదాహరణ. ఎండాకాలం, బోరు ఎండింది, ట్యాంకర్లతోనే నెల గడిచింది. కోశాధికారి ఖర్చుల లెక్క గ్రూపులో పెట్టాడు. ఒకాయన రాశాడు: "ట్యాంకర్లకే ఇంతా? బిల్లులు ఎవరైనా చూశారా?" కోశాధికారి ఇలా జవాబు రాశాడు:

"మూడేళ్లుగా ఒక్క రూపాయి తీసుకోకుండా చేస్తున్నాను. నామీద అనుమానం ఉన్నవాళ్లు ముందుకొచ్చి ఈ బాధ్యత తీసుకోవచ్చు. మెయింటెనెన్స్ టైముకి కట్టనివాళ్లు కూడా లెక్కలడిగితే ఎలా?"

అడిగింది బిల్లులు. జవాబులో బిల్లు అన్న మాటే లేదు. మొదటి వాక్యం మిగతా ఫ్లాట్లవాళ్లు వినాలని రాసింది. రెండోది అడిగినాయన్ని నలుగురిలో నిలబెట్టడానికి రాసింది. మూడోది ఈ గొడవతో ఏ సంబంధమూ లేని బకాయిదారులందరినీ లాక్కొచ్చింది. వాళ్లూ ఇక జవాబిస్తారు.

ఇదే కారణమా కాదా అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. అదే మాట ఆయన లిఫ్టులో మీ ఒక్కరినే అడిగాడనుకోండి. "ఉన్నాయి సార్, పంపిస్తాను" అని ఉండేవారా? అయితే కోపం మాట వల్ల రాలేదు, నలుగురిలో పరువు పోతోందన్న భయం వల్ల వచ్చింది. అందుకే పది అంకెలు లెక్కపెట్టడం, మంచినీళ్లు తాగడం ఇక్కడ పనిచేయవు. మీరు నీళ్లు తాగి వచ్చేలోపు ఆయన మెసేజ్ కింద ఇంకో ఇద్దరు బొటనవేలు గుర్తు పెట్టి ఉంటారు. కోపం మళ్లీ మొదటికొస్తుంది.

పూర్తిగా ఊరుకోమని కూడా చెప్పను. లెక్క చేతిలో ఉన్న మనిషి ఊరుకుంటే తప్పు ఒప్పుకున్నట్టే అనుకుంటారు. ఆ భయం న్యాయమైనదే. కాబట్టి పనిని రెండుగా విడదీయండి.

గ్రూపులో ఒక విషయం, ఒక సమయం మాత్రమే పెట్టండి: "బిల్లులన్నీ ఉన్నాయి. సాయంత్రం 7 గంటలకు ఫోటోలు ఇక్కడే పెడతాను." అంతే. పంపేముందు మీ జవాబులో "కొందరు", "అందరికీ తెలుసు", "ఇన్నేళ్లుగా" లాంటి మాటలు ఉన్నాయేమో వెతకండి. ఉంటే మీరు ఇంకా జనానికే రాస్తున్నారు. ఆ వాక్యం మొత్తం తీసేయండి.

మిగతాది ఆయనతో విడిగా మాట్లాడండి. గ్రూపు మెసేజ్‌కి ప్రైవేటుగా రిప్లై ఇచ్చే వీలు వాట్సాప్‌లోనే ఉంది, ఆయన రాసిన మాటతో సహా ఆయన చాట్‌లోకి వెళ్తుంది. ఫోన్ అయితే ఇంకా మేలు. "అన్నా, ఏ బిల్లు మీద సందేహం?" అని అడగండి. చాలాసార్లు ఏదో ఒక తేదీ దగ్గరే చిక్కు ఉంటుంది, ఒకేరోజు రెండు ట్యాంకర్లు కనిపించి ఉంటాయి. ఆరోజు రెండు ఎందుకు వచ్చాయో చెప్తే అయిపోతుంది.

కుదిరిన రాజీలు చెడిపోయేది దీని తర్వాతే. ఫోన్ పెట్టేయగానే గ్రూపులోకొచ్చి "ఆయనతో మాట్లాడాను, ఒప్పుకున్నారు" అని రాయకండి. ఇందాక మీ పరువుకి పట్టిన గతే ఇప్పుడు ఆయనకి పడుతుంది, ఆయన మళ్లీ మొదలుపెడతాడు. చెప్పాలనిపిస్తే ఆయనే చెప్పుకుంటాడు. మీరు 7 గంటలకు బిల్లులు పెట్టండి, చెప్పిన టైముకే పెట్టండి.

కడుపుమంట రాసుకోవాలనుంటే గ్రూపు పెట్టెలో రాయొద్దు, వేలు జారితే అంతే. మీ నంబరుకి మీరే మెసేజ్ పంపుకునే చాట్ ఉంటుంది, అక్కడ రాసుకోండి. ఎడిట్‌ని, డిలీట్‌ని నమ్ముకోవద్దు. ఎడిట్‌కి 15 నిమిషాలే గడువు, మార్చినట్టు పక్కన కనిపిస్తుంది కూడా. అందరికీ డిలీట్ చేయడానికి 2 రోజుల పైన గడువున్నా, తీసేసిన గుర్తు అక్కడే ఉంటుంది. స్క్రీన్‌షాట్ ఈలోపే వెళ్లిపోయి ఉంటుంది.

లక్షణం: మీరు చల్లబడ్డారు, కానీ విడిగా మెసేజ్‌లు వస్తున్నాయి: "భలే ఇచ్చారన్నా, వదలొద్దు"

ఇదీ పై కారణమే, కాకపోతే ఈసారి జనం మీ ఇన్‌బాక్స్‌లోకే వచ్చారు. వాళ్లకి జవాబివ్వకండి. అంత పట్టింపు ఉన్నవాళ్లు గ్రూపులోనే రాసి ఉండేవారు.

లక్షణం: ఇద్దరూ ఆగడం లేదు

అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చండి. తెల్లవారేదాకా చాలు, ఎన్ని గంటలకు తెరుస్తారో ముందే చెప్పండి. గొడవపడుతున్నది అడ్మినే అయితే ఆ మీట ఇంకో అడ్మిన్ నొక్కాలి. లేకపోతే నోరు నొక్కేశారనే కొత్త గొడవ మొదలవుతుంది.

అరుదుగా వచ్చేవి

కావాలనే కెలికేవాళ్లు: మన గ్రూపుల్లో అనుకున్నంతమంది ఉండరు. ఉంటే తీసేయండి, చర్చ అక్కర్లేదు.

"66ఏ కింద కేసు పెడతా" అనేవాళ్లు: ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మెసేజ్‌లు పెడితే శిక్ష వేసే ఐటీ చట్టంలోని సెక్షన్ అది, దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసింది. పరువునష్టం మాత్రం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 356వ సెక్షన్‌లో ఉంది, నిజంగా నోటీసు వస్తే లాయరుకి చూపించండి, గ్రూపులో పెట్టకండి.

కులం పేరు పెట్టి, ఆడవాళ్లను ఉద్దేశించి బూతులు: అక్కడ కోపం ఎలా ఆపుకోవాలన్న ప్రశ్నే లేదు. స్క్రీన్‌షాట్ తీసి కమిటీకి ఇవ్వండి, బాధితులు కోరితే పోలీసు ఫిర్యాదుకి వాళ్లతోపాటు వెళ్లండి.