ర్యాప్ వినడం నేర్చుకుందాం – 7వ పాఠం: బీట్ కట్టే మనిషి వెళ్లిపోయాక

పోయిన పాఠంలో బార్లు లెక్కపెట్టడం నేర్చుకున్నాం. నాలుగు దెబ్బలు ఒక బార్, పదహారు బార్లు మామూలుగా ఒక వెర్స్, అంటే ఒక చరణం. ఆ లెక్క ఇంకా చేతికి రాకపోతే ఈ పాఠం ఇవాళే మొదలుపెట్టకండి. ఒకటి రెండు రోజులు ఏ పాట వింటున్నా "తకధిమి తకధిమి" అనుకుంటూ తొడ మీద తాళం వేయండి. ఆలోచించకుండానే చెయ్యి దానంతట అది పడుతోందంటే మీరు సిద్ధమైనట్టే.

ఈసారి పని కొంచెం బరువైనది. ఒక గ్రూపులోంచి ముఖ్యమైన మనిషి బయటికి వెళ్లాక వచ్చిన ఆల్బమ్‌ని ఎలా వినాలి? ఇలాంటి ఆల్బమ్ గురించి మన చెవికంటే ముందే లోకం తీర్పు చెప్పేస్తుంది. "అతను లేడుగా, ఇంకేముంది" అంటారు. ఆ మాట నిజమో కాదో మన చెవే తేల్చాలి. దానికి నేను ఎంచుకున్న ఆల్బమ్ అమెరికాలోని డెట్రాయిట్ గ్రూపు స్లమ్ విలేజ్ వాళ్ల ‘ట్రినిటీ’. 2002 ఆగస్టులో కాపిటల్ రికార్డ్స్ నుంచి వచ్చింది. పెద్ద కంపెనీ ముద్రతో వాళ్లకి అదే మొదటి ఆల్బమ్. అది వచ్చేనాటికి, వాళ్లకి బీట్లు (మాటల వెనక నడిచే సంగీతం) కట్టిన జే డిల్లా గ్రూపులో లేడు.

స్లమ్ విలేజ్ మొదటి సభ్యులు టి3, బాటిన్, జే డిల్లా ముగ్గురూ డెట్రాయిట్‌లోని కోనంట్ గార్డెన్స్ అనే పేటలో, పెర్షింగ్ హైస్కూలు రోజుల్లో కలిసినవాళ్లు. ముగ్గురూ ర్యాప్ చేసేవాళ్లు. బీట్లు కట్టే పని మాత్రం డిల్లాది. వాళ్ల ‘ఫెంటాస్టిక్ వాల్యూమ్ 2’ చాలా ముందే తయారైపోయింది. దాన్ని తీసుకురావాల్సిన ఎ అండ్ ఎమ్ అనే పెద్ద కంపెనీ 1999లో విలీనాల గొడవలో మూతపడింది. దాంతో ఆల్బమ్ అధికారికంగా బయటికి రావడానికి 2000 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ గుడ్‌వైబ్ అనే చిన్న కంపెనీ నుంచి. ఈలోపు దొంగ కాపీలు చేతులు మారాయి. పెద్ద కంపెనీ గడప దాకా వెళ్లి వెనక్కి వచ్చిన వాళ్లకి రెండేళ్ల తర్వాత మళ్లీ ఆ తలుపు తెరుచుకుంది. తీరా లోపలికి అడుగుపెట్టేసరికి బీట్లు కట్టినవాడు సొంత దారి చూసుకున్నాడు. ‘ట్రినిటీ’ వినేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోండి.

వెళ్లినవాడి చెయ్యి ఎలా ఉండేదో ముందు పట్టుకోండి

ఉన్నది ఏమిటో తెలిస్తేనే లేనిది ఏమిటో తెలుస్తుంది. కాబట్టి ‘ట్రినిటీ’కి ముందు ఒక్క పాట వినండి. ‘ఫెంటాస్టిక్ వాల్యూమ్ 2’లో ‘ప్లేయర్స్’. హెడ్‌ఫోన్ తప్పనిసరి, ఫోన్ స్పీకర్లో కిక్ డ్రమ్ (కాలితో కొట్టే బరువైన డ్రమ్) సరిగా వినిపించదు.

ఈ పాటలో వెనకాల కొన్ని గొంతులు కలిసి ఒక మాట అంటూనే ఉంటాయి. మీకు అది "ప్లేయర్స్" అనే వినిపిస్తుంది. కానీ ఆ గొంతులు అంటున్నది ఆ మాట కాదు. సింగర్స్ అన్‌లిమిటెడ్ అనే బృందం పాడిన పాత పాటలోని ‘క్లేర్’ అనే పేరు అది. డిల్లా ఆ ముక్కని కోసి, తిప్పి, కొత్త బీట్‌లో పెట్టేసరికి మనిషి పేరు కాస్తా పాట పేరైపోయింది. ఒకసారి "ప్లేయర్స్" అనుకుంటూ వినండి, ఇంకోసారి "క్లేర్" అనుకుంటూ వినండి. రెండోసారి ఆ ‘క్ల’ శబ్దం మీకు దొరికిన క్షణాన ఒళ్లు జలదరిస్తుంది. శాంపిల్ (ఇలా పాత పాట నుంచి కోసి వాడుకునే ముక్క) అంటే ఏమిటని 4వ పాఠంలో రెండు పేజీలు రాశాను. ఈ ఒక్క చోటు విని ఉంటే అంత రాయక్కర్లేకపోయేదేమో అనిపిస్తుంది.

ఇప్పుడు డ్రమ్స్‌కి రండి. స్టీలు గ్లాసు, చెంచా తెచ్చుకోండి. కుడిచేత్తో చెంచాతో సమంగా "తకధిమి తకధిమి" కొట్టండి. ఇది హైహ్యాట్, డ్రమ్స్‌లో తాళాల్లా మోగే జత. ఎడమచేత్తో ‘త’ దగ్గర బల్ల మీద గట్టిగా ఒక దెబ్బ వేయండి. ఇది కిక్. బాగా కుదిరాక, కుడిచెయ్యి లయ ఏమాత్రం చెడకుండా ఎడమచేతి దెబ్బని మాత్రం రవ్వంత ఆలస్యంగా వేయండి. ‘త’ మీద కాదు, ‘త’కీ ‘క’కీ మధ్యలో, ‘త’కి దగ్గరగా. మొదట్లో చేతులు రెండూ ఒకదాన్నొకటి లాగేసుకుంటాయి. కంగారు పడకండి, పది నిమిషాలు సాధన చేయండి. ఒక దెబ్బ సమంగా, ఒక దెబ్బ జారుతూ, రెండూ ఒకే బార్‌లో ఇమిడిపోవడమే డిల్లా చెయ్యి.

బీట్లు కట్టడానికి అతను వాడిన యంత్రం పేరు ఎంపీసీ 3000. మనం వేసిన దెబ్బ కాస్త అటూ ఇటూ పడితే దాన్ని లాగి సరైన గడిలో కూర్చోబెట్టే పద్ధతి అందులో ఉంది, దాన్ని క్వాంటైజ్ అంటారు. డిల్లా దాన్ని ఆపేసి వాయించేవాడని అందరూ చెప్తారు. అది సగం మాటే. ఒక్కో డ్రమ్‌ని కావాలని కొంచెం ముందుకో వెనక్కో జరిపే సదుపాయం కూడా అదే యంత్రంలో ఉంది, అతను దాన్నీ వాడుకున్నాడు. అంటే ఆ జారుడు పొరపాటున వచ్చింది కాదు, కొలిచి పెట్టింది. మొదటిసారి విన్నప్పుడు నాకు డ్రమ్స్ తడబడుతున్నట్టు అనిపించి పాట మధ్యలో ఆపేశాను. మూడోసారి వింటుండగా నా తల దానంతటదే ఊగడం మొదలుపెట్టింది. చెవికంటే ముందు మెడకి అర్థమైంది. ఆ యంత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ల ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది. అతని తల్లి ఇచ్చారు.

ఇప్పుడు ‘ట్రినిటీ’

ముందు ఒక్కసారి మొత్తం వినండి. ఏమీ రాసుకోకండి, పోల్చకండి. అసలు పాఠం రెండోసారి వినేటప్పుడు మొదలవుతుంది.

నోట్‌బుక్‌లో ఒక పేజీకి నిలువుగా గీత గీయండి. ఎడమ వైపు ‘చెయ్యి’, కుడి వైపు ‘నోరు’ అని రాయండి. ప్రతి పాటలోనూ మీ చెవి ఎక్కువసేపు ఎక్కడ నిలిచిందో, బీట్ మీదా మాట మీదా, అక్కడ టిక్కు పెట్టండి. ఇదే పని ముందు ‘ఫెంటాస్టిక్ వాల్యూమ్ 2’లో నాలుగు పాటలకి చేసి ఉంటే ఇంకా మంచిది. నా పేజీల్లో పాత ఆల్బమ్‌కి ఎడమవైపు టిక్కులు నిండిపోయాయి, ‘ట్రినిటీ’కి కుడివైపు. నేను ఈ ఆల్బమ్ గురించి చెప్పదలుచుకున్నదంతా అందులోనే ఉంది. గ్రూపు బరువు చేతిమీంచి నోటిమీదికి మారింది. చాలామంది ఎడమవైపు ఖాళీ చూసి ఆల్బమ్ పలచబడిందన్నారు. కుడివైపు ఎవరు చేరారో చూడలేదు.

చేరినవాడు ఎల్జై. అతనూ డెట్రాయిట్ కుర్రాడే. డిల్లా వెళ్లడంతో రెండు ఖాళీలు వచ్చాయని గుర్తుంచుకోండి, ఒక గొంతు, ఒక చెయ్యి. గొంతు ఖాళీలోకి ఎల్జై వచ్చాడు. చేతి ఖాళీని ఒక్కరితో నింపలేదు. కరీమ్ రిగిన్స్, వాజీద్ వంటి కొందరు పంచుకున్నారు. కొన్ని పాటలకి డిల్లానే బీట్ ఇచ్చాడు. కాబట్టి "డిల్లా లేని ఆల్బమ్" అనడం కూడా పూర్తిగా సరికాదు.

ఎల్జైని వినాలంటే ప్రాస గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. మన పద్యంలో ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం దగ్గర అదే హల్లు రావడం. ర్యాప్‌లో ప్రాస హల్లుని పెద్దగా పట్టించుకోదు, అచ్చుల మీద నడుస్తుంది. నేను కట్టిన ఈ రెండు ముక్కలు పైకి చదవండి:

చేతి గడియారం
నీతి పరిహారం

మొదటి అక్షరం వదిలేయండి. మిగతా అచ్చులు ఇ, అ, ఇ, ఆ, అం. రెండో ముక్కలోనూ అవే, అదే వరుసలో. ‘గ’ బదులు ‘ప’ వచ్చినా, ‘డి’ బదులు ‘రి’ వచ్చినా చెవికి తేడా రాదు, అచ్చుల మెట్లు అవే కాబట్టి. ఒక్క అక్షరం కలిస్తే మామూలు అంత్యప్రాస. ఇలా నాలుగైదు అక్షరాలు కలిస్తే దాన్ని మల్టీ అంటారు. ఎల్జై పేరు మోసింది ఈ మల్టీల్లోనే. ఒక వరుస పట్టుకున్నాడంటే దాన్ని అంత తొందరగా వదలడు, పాదం చివరే కాదు, మధ్యలోనూ అదే మెట్ల మీద నడుస్తాడు.

మీ సాధన: ఆల్బమ్‌లో ఎల్జై వెర్స్ ఏదైనా ఒకటి తీసుకోండి. ఇంగ్లీషు మాటలకి అర్థం వెతకొద్దు. కేవలం అచ్చుల్ని తెలుగు అక్షరాల్లో రాయండి. ఎనిమిది బార్లు చాలు. ఒకే వరుస ఎన్నిసార్లు వచ్చిందో దాని కింద గీత గీయండి. తర్వాత టి3 వెర్స్‌కి ఇదే చేయండి. గీతలు తక్కువ వస్తాయి. దాంతో టి3ని తక్కువ చేయకండి. అతను అరుగు మీద కూర్చుని కబుర్లు చెబుతున్నట్టు పలుకుతాడు, మాటని డ్రమ్‌లా విడగొడతాడు. బాటిన్ వేరే లోకం. గొంతు పైకి ఎక్కిస్తాడు, దించుతాడు, బీట్ దాటి వెళ్లి మళ్లీ వస్తాడు. నాకు ఈ ముగ్గురిలో ఎప్పటికీ ఇష్టమైన గొంతు బాటిన్‌దే. ఆరోగ్యం దెబ్బతిని ఈ ఆల్బమ్ తర్వాత అతనూ గ్రూపుకి దూరమయ్యాడు, 2009లో చనిపోయాడు. ‘ట్రినిటీ’లో అతను పలికిన ప్రతి చోటా నేను వాల్యూమ్ కొంచెం పెంచుకుంటాను.

ఇక ‘టెయింటెడ్’. ఆల్బమ్‌లో ఎక్కువమందికి చేరిన పాట ఇది. బీట్ కరీమ్ రిగిన్స్‌ది, హుక్ (పల్లవిలా మళ్లీ మళ్లీ వచ్చే ముక్క) పాడింది డ్వెలే. ఇద్దరూ డెట్రాయిట్ వాళ్లే. రిగిన్స్ జాజ్ డ్రమ్మర్, బెట్టీ కార్టర్, రే బ్రౌన్ వంటి పెద్దల పక్కన కూర్చుని వాయించినవాడు. అందుకే ఇక్కడ గ్లాసు, చెంచా మళ్లీ తీయండి. పాటతోపాటు సమంగా చెంచా కొడుతూ, కిక్, స్నేర్ (చురుగ్గా టప్పుమనే డ్రమ్) మీ చెంచాకి ముందు పడుతున్నాయా, వెనకా, సరిగ్గా మీదా అని చూడండి. ‘ప్లేయర్స్’లో మీ ఎడమచెయ్యి పడ్డ తిప్పలు ఇక్కడ ఎంత తగ్గాయో రాసుకోండి. డ్వెలే హుక్ మొదలైన చోట గడియారం చూసి సెకన్లతో సహా రాయండి. హుక్ ఎన్ని బార్లో లెక్కపెట్టండి. పాత స్లమ్ విలేజ్‌లో హుక్ చాలాసార్లు శాంపిల్‌లోని ముక్కో, వాళ్లే పదేపదే అనుకునే మాటో. ఇక్కడ పాడేందుకు ఒక గాయకుడిని తెచ్చారు. రేడియోకి చేరాలనుకునే పెద్ద కంపెనీ ఆల్బమ్‌కి అది అవసరం కూడా. దాన్ని రాజీ అనేవాళ్లున్నారు. నాకు మాత్రం ఊళ్లో ఉన్న మంచి గొంతుని ఇంటికి పిలిచినట్టుంటుంది.

ఇక మూడోసారి వినడం. ఈసారి ఎవరు బీట్ కట్టారో చూడకుండా ఆల్బమ్ వినండి, స్క్రీన్ బోర్లా పెట్టేయండి. దెబ్బ జారుతున్నట్టు, మెడ ముందే ఊగినట్టు అనిపించిన ప్రతి పాటకీ ‘డి’ అని రాయండి. అయిపోయాక పేర్లు చూసుకోండి. కొన్ని తప్పుతాయి. ఎందుకంటే డిల్లా పక్కన పెరిగిన వాళ్ల చేతులకీ ఆ జారుడు కొంత అంటింది. తప్పిన పాటల్ని కొట్టేయకండి, పక్కన చుక్క పెట్టి ఉంచండి. వచ్చే పాఠంలో వాటితోనే పని.

వచ్చే పాఠానికి రెండు తెచ్చుకోండి. ఎనిమిది బార్ల అచ్చుల కాగితం, చుక్కలు పెట్టిన పాటల జాబితా. అప్పుడు వినబోయే ఆల్బమ్ ఇదే గ్రూపు 2004 నాటి ‘డెట్రాయిట్ డెలీ’. అప్పటికి గ్రూపులో మిగిలింది టి3, ఎల్జై ఇద్దరే.